ఎల్లమ్మ వేషం వెంట ఎర్రగట్టుకు

చిందోళ్ళ వెంట పోయి ఏం చూసివచ్చావని మా పోచంపల్లిలో నన్ను అడగనివారు లేరు. బావి దగ్గర అడిగారు, రంగుల దుకాణంలో అడిగారు, ఆసు మీద నూలు పోస్తుంటే పక్కన వచ్చి కూచొని అడిగారు. నోటితో చెప్పడం వల్ల ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా చెప్పాను. నలభై దాటాక చేనేత సంఘం అరుగు మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేర్చుకున్నాను గాని వాటితో పెద్ద పని ఏదీ చేయలేదు. అందుకని ఈసారి అందరికీ ఒకే తీరుగా ఉండేట్టు రాసి పెడుతున్నాను.

చిందోళ్ళంటే తెలియనివారు కూడా ఉంటారు. ఆట వాళ్ళ కులవృత్తి. ఆడపిల్లలకు చిన్నప్పుడే గజ్జె కడతారు. పంటలు ఇల్లు చేరాక ఊరూరా తిరిగి భాగోతం ఆడతారు. రాణి వేషం కట్టేదీ ఆడవాళ్ళే, మీసం పెట్టుకొని రాజు వేషం కట్టేదీ ఆడవాళ్ళే. ఏ ఊళ్ళో ఎవరు ఆడాలన్నది తాతలనాడే పంచుకొని ఉంటారు. దాన్ని మిరాశి అంటారు. మాకు మగ్గం ఎట్లాగో వాళ్ళకు ఆ ఊళ్ళు అట్లా.

సత్తెమ్మ వాళ్ళ మేళానికి పెద్ద. అరవై ఉంటాయి. ఏటా మా దిక్కు వచ్చినప్పుడు వేషాల పెట్టె మా ఇంటి ముందర మగ్గాల సాయబాన్లో దించుతుంది. నన్ను బిడ్డా అంటుంది. రెండేండ్ల కింద ఆమెకు మోకాలు పట్టేసింది. పోయినేడు ఎర్రగట్టుకు పోలేకపోయింది. ఎర్రగట్టు పాలమూరు జిల్లాలో, అచ్చంపేట దిక్కున ఉన్న పల్లె. అక్కడ ఎల్లమ్మ పండుగనాడు ఎల్లమ్మ వేషం కట్టేది సత్తెమ్మే. అంతకు ముందు ఆమె తల్లి. వాళ్ళ ఊళ్ళన్నిటిలో గింజలు నిండుగా పెట్టే ఊరు అదొక్కటే.

ఈ ఏడు అక్కడినుంచి కబురు వచ్చింది. వేషం రాకపోయినా, వచ్చింది మా ఆడవాళ్ళకు నచ్చకపోయినా, ఊరిని వనపర్తి దిక్కు మేళానికి ఇచ్చేస్తామని. సత్తెమ్మకు ఆడపిల్లలు లేరు, ఒక్కడే కొడుకు. కోడలు బాలమణితో వేషం కట్టిద్దామనుకుంది. కొత్త వేషానికి కొత్త ఎర్రచీర కావాలని నా దగ్గరికి వచ్చింది. చీర మగ్గం దిగిననాడు చేతిలోకి తీసుకొని, "నేసుడే గాని ఎగురంగ ఎన్నడన్న చూసినవా బిడ్డా? రా, చూద్దువు" అన్నది.

నా కొడుకు ఇంతెత్తున లేచాడు. "చిందోళ్ళ వెంట పోతవా అమ్మా? నలుగురు ఏమంటరు?"

సాయబాన్లోంచి సత్తెమ్మ అందుకుంది. "నలుగురు అనేది నన్నడుగు నాయినా. నాకు బుద్ధి తెలిసిన కాంచి వింటున్న. కొత్త మాట ఒక్కటి పుట్టలె."

వాడు నవ్వును ఆపుకోలేకపోయాడు. మరునాడు పొద్దున మేము బయలుదేరాం.

రామన్నపేట

బాలమణిని తల్లిగారింటి నుంచి తీసుకుపోవాలి. ఇరవై రెండేళ్ళ పిల్ల, సన్నగా, నల్లగా, మాటకు ముందు నవ్వే మనిషి. ఆ రోజు మాత్రం నవ్వు లేదు. వాకిట్లో జొన్నలు చెరుగుతూ, "అత్తా, నాకు జరమొచ్చినట్టున్నది" అన్నది.

సత్తెమ్మ ఆమె మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం కాదు, భయం. పండుగ దినం దానంతట అదే దిగుతది. గజ్జెలు తే."

బాలమణి తల్లి మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నా మూటలో ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది ఉన్నది. మా వాళ్ళెవరూ చిందోళ్ళ ఇంట్లో తినరు. విస్తరి ముందర ఒక్క ఘడియ అట్లాగే కూచున్నాను. ఆ తల్లి చూసి కూడా చూడనట్టు, "పులుసుల ఉప్పు సరిపోయిందో లేదో జర చెప్పుండ్రి" అని తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది. సరిపోయింది. ఉల్లిగడ్డ కాల్చి పిసికిన పచ్చిపులుసు అది. మేము పచ్చిదే వేస్తాం. ఇంటికి వచ్చాక నేనూ కాల్చే వేస్తున్నాను.

నల్లగొండ బస్టాండు

దేవరకొండ బస్సు పట్టుకోవాలి. మా నలుగురిలో, అంటే సత్తెమ్మ, బాలమణి, ఆమె మొగడు మల్లేశం, నేను, వీళ్ళలో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సత్తెమ్మ నన్ను చూపించి ఆ సంగతి బస్టాండంతా వినబడేట్టు చెప్పింది. "మాకేం ఫికర్ లేదు, మా అండాలు చదువుతది."

ఒక బస్సు వచ్చి నిలబడింది. బోర్డు మీద తెలుగు ఉన్నది. 'దే' అన్నాను. 'వ' అన్నాను. 'ర' అన్నాను. వెనక జనం ఎక్కుతున్నారు. 'కొ' దగ్గర ఒత్వాన్ని సరిగా పోల్చుకునే లోపల బస్సు కదిలిపోయింది.

మల్లేశం పెట్టె మీద కూచొని కడుపు పట్టుకొని నవ్వాడు. "మిగిలిన అక్షరాలు వచ్చే బస్సుకు చదువుదువు గాని పెద్దమ్మా."

రెండో బస్సుకు మూడు గంటలు ఆగాం. మేలే జరిగింది. బస్టాండు ముందర చాయ్ బండివాడికి, ఒక ముసలాయనకు మధ్య అణా ఎన్ని కొత్త పైసలన్న దాని మీద తగువు నడిచింది. బండివాడు ఆరంటాడు, ముసలాయన అయిదే ఇస్తానంటాడు. చివరికి ఒక గుక్క చాయ్ కప్పులోనే వదిలేసి, "గీ గుక్క నీ ఆరో పైస" అని పోయాడాయన.

బస్సులో ఇంకో సంగతి జరిగింది. వేషాల పెట్టె చూసి ఒక ధోవతి మనిషి, "ఎగిరేటోళ్ళా? ఒక పాటందుకోరాదు, తొవ్వ తెలవది" అన్నాడు బాలమణిని చూస్తూ. బాలమణి కిటికీ దిక్కు తిరిగింది. సత్తెమ్మ తాపీగా అడిగింది, "నువ్వేం పని చేస్తవు నాయినా?" వ్యవసాయం అన్నాడు. "అయితే గీ బస్సుల జర నాగలి కట్టు. చూస్తం." ఆ మనిషి లేచి ముందు సీటుకు పోయి కూచున్నాడు. మోదుగలు పూసిన కాలం. రెండు పక్కలా రాళ్ళగుట్టల మధ్య ఆ ఎరుపు చూస్తూ, నా చీర రంగు దానికంటే ఒక పాలు ముదురైందని అనుకున్నాను.

దేవరకొండ

సత్రంలో జాగా ఉన్నది. అయినా సత్రం మనిషి పెట్టెను చూసి, "ఆటోళ్ళకు ఇవ్వం" అన్నాడు. నన్ను చూసి, "నువ్వు శాలోళ్ళ ఆడిదానివి కదా, నువ్వుండు" అన్నాడు. నేతదాన్నని ఎట్లా పోల్చాడో తెలియదు, చేతివేళ్ళకు అంటిన రంగు చూసి కావచ్చు. నేను ఉండలేదు. అందులో గొప్పేమీ లేదు. తెలియని ఊళ్ళో ఒక్కదాన్నే ఉండడానికి భయమేసింది.

కృష్ణ మీద కట్టే పెద్ద కట్ట పనికి పోతున్న పాలమూరు కూలీలు ఊరి బయట గుడారాలు వేసుకొని ఉన్నారు. వాళ్ళలో ఒక ఆడమనిషి మమ్మల్ని పిలిచి జొన్నగట్క పోసింది. ఆ గట్కలో మజ్జిగ తక్కువ, కారం ఎక్కువ. మా దిక్కు ఆడవాళ్ళు కుచ్చెళ్ళు పెట్టి కడతారు. పాలమూరు వాళ్ళంతా గోచి పెట్టి కడతారు. తట్ట మోసే పనికి అదే వీలట. "ఎర్రగట్టుకా పోతున్నరు? మా మేనత్త ఊరే అది. ఆ ఊరి ఆడోళ్ళు బంగారం. మొగోళ్ళు మాత్రం కట్టుబాట్లోళ్ళు" అన్నదామె. బాలమణికి మళ్ళీ జ్వరం వచ్చినట్టయింది.

కల్వకుర్తి దాటాక

బస్సు దిగి బండి కిరాయికి మాట్లాడుకున్నాం. ఎద్దుల బండి. సత్తెమ్మ కాళ్ళు చాపుకొని కూచొని కోడలికి పాఠం మొదలుపెట్టింది. ఈ పాఠం వల్లనే నాకు సంగతి అర్థమైంది. మీకూ అర్థం కావాలి గనుక చెబుతున్నాను.

పండుగనాడు పొద్దున ఎల్లమ్మ వేషం ఊరి పొలిమేర దగ్గర మొదలై వీధుల్లో ఆడుకుంటూ గుడికి చేరుతుంది. దారిలో గడపల ముందర ఆగుతుంది. ఆగిన గడప ఇల్లాలు వేపాకు, పసుపు వేసిన నీళ్ళు ఆమె పాదాల మీద పోయాలి. దాన్ని సాక అంటారు. పోసినవాళ్ళ నొసట వేషం బండారి పెడుతుంది. బండారి అంటే పసుపే. ఒకసారి ఆగిందంటే ఆ గడప నీళ్ళు పడందే అక్కడి నుంచి కదలకూడదు. గుడి చేరేదాకా నోరు విప్పి మాట్లాడకూడదు. మా దిక్కు బోనాలప్పుడు మేమూ సాక పోస్తాం. కాని అది బోనం ఎత్తినామెకు. ఇక్కడ ఎల్లమ్మే రెండు కాళ్ళతో నడిచివస్తుంది.

"నువ్వు పక్కన ఉండవా అత్తా?" అని అడిగింది బాలమణి.

"ఒక్క తొవ్వల ఇద్దరు ఎల్లమ్మలు నడువొద్దు. నేను గుడికాడ కూసుంట. నీకు ఎరుక కావాలె అంతే. వాకిట్ల పేడసాన్పు చల్లి, గడపకు పసుపు రాసిన ఇల్లు కనవడితే ఆగు. రాయని ఇల్లయితే ఆగకు. రెండు తిరుగుళ్ళు తిరుగు, నీళ్ళు పడుతయి, బండారి పెట్టు, నడువు."

"గంతేనా?"

"గంతే. కాళ్ళకు అలవాటైతది."

పండుగ ముందటి పొద్దు

ఎర్రగట్టులో మేము దిగిన ఇల్లు పోశమ్మది. డెబ్భై దాటిన ముసలి, పండ్లు లేవు గాని మాట గట్టిది. సత్తెమ్మను చూడగానే, "బతికే ఉన్నవా? పోయినేడు రాకపోతే పోయిందనుకున్న" అన్నది. "ముందుగాల నిన్ను తోలిచ్చి పోదామని ఆగిన" అన్నది సత్తెమ్మ. ఇద్దరూ చాలాసేపు చేతులు పట్టుకొని కూచున్నారు.

నాకు అక్కడ ఒక అవమానం జరిగింది. చీర విప్పి చూపించాను. గంజి పెట్టి మడత నలగకుండా తెచ్చాను, మేము ఎవరికి ఇచ్చినా అట్లాగే ఇస్తాం. సత్తెమ్మ దాన్ని నిలబెట్టింది. అది పందిరిలాగ నిలబడింది. "గిది కట్టుకొని ఎగిరితే పిల్ల ఒక దిక్కు, చీర ఒక దిక్కు పోతయి" అని బావి గట్టుకు తీసుకుపోయి నీళ్ళలో ముంచి బండ మీద బాదించింది. ఒక్కపూట కూడా కట్టని చీరను బాదుతుంటే నాకు వీపు మీద దెబ్బలు పడ్డట్టయింది. తుమ్మకంపల మీద ఆరేశారు. రంగు దిగుతుందేమోనని నేను బండ కింద పారే నీళ్ళే చూశాను.

సాయంత్రం ఆడవాళ్ళంతా చెంబులు తోమి పసుపు పూసి పెట్టుకున్నారు. పోశమ్మ నా చేతికీ ఒకటి ఇచ్చింది. "చీర నేసిన తల్లివి, మా ఇంటి కాంచి నువ్వు గూడ పొయ్యి."

నాకు మొగుడు లేడని చెప్పాను.

"అట్లనా" అని చెంబు తిరిగి తీసుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. "నాకైతే ముసలాయన ఉన్నడు, దగ్గుకుంట. మొగడు పోయినోళ్ళు వేషం వచ్చేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకుంటరు. మీ దిక్కు గూడ గంతేనా?"

గంతే అన్నాను. మా దిక్కూ అంతే కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు. "నువ్వు ఈ ఊరిదానివి కాదు గద, నా పక్కన నిలవడి చూడు" అన్నదామె.

పండుగ పూట

పొలిమేర దగ్గర మల్లేశం మద్దెల మీద చెయ్యి వేసేసరికి ఊరి ఆడవాళ్ళంతా గోడల పక్కన నిలబడి ఉన్నారు. బాలమణిని నేను పోల్చుకోలేదు. ముఖానికి పసుపు, నొసట పెద్ద కుంకుమ, నడుముకు వేపమండలు, నా ఎర్రచీర గోచి పెట్టి. మొదటి నాలుగు అడుగులు తడబడ్డాయి. ఒక ముసలామె మూతి తిప్పడం నేను చూశాను. ఆ తరువాత బాలమణి ఒక కాలు ఎత్తి గాలిలో ఆపి, తల వెనక్కి వాల్చి, గిర్రున తిరిగింది. చీర అంచు నేలకు జానెడు పైన విప్పుకొని, తిరుగుడు ఆగిన తరువాత కూడా ఒక్క క్షణం ఆగలేదు. మగ్గం మీద నెలరోజులు నా చేతికింద ఉన్న బట్ట అది. దానికి ఆ నడక ఉన్నదని నాకు తెలియదు.

గడప తరువాత గడప. రెండు తిరుగుళ్ళు, నీళ్ళు, బండారి. ఆడవాళ్ళ ముఖాలు విప్పుకుంటున్నాయి. మూతి తిప్పిన ముసలామె కూడా పోసింది. "సత్తెమ్మ అడుగే, జర నడుం మెత్తగున్నది" అన్నారు ఎవరో.

మూడో వీధిలో బాలమణి ఒక చిన్న ఇంటి ముందర ఆగింది. వాకిట్లో సాన్పు ఉన్నది. గడపకు పసుపు ఉన్నది. తలుపు మాత్రం దగ్గరికి వేసి ఉన్నది.

పోశమ్మ నా జబ్బ గట్టిగా పట్టుకుంది. "అయ్యో, రంగమ్మ ఇల్లది. దానికి మొగడు లేడు."

పండుగపూట ఎవరి ఇల్లు వాళ్ళు అలుక్కుంటారు, గడపకు పసుపు రాస్తారు. రంగమ్మా రాసుకుంది. అది తప్పు కాదు. ఇన్నేళ్ళూ సత్తెమ్మ కాళ్ళు ఆ ఇంటిని వాటంతట అవే దాటిపోయాయి. ఆగాల్సిన ఇండ్లు ఎట్లా ఉంటాయో కోడలికి చెప్పింది గాని, దాటాల్సిన ఇల్లు ఒకటున్నదని ఆమెకే తోచలేదు.

రెండు తిరుగుళ్ళయ్యాయి. నీళ్ళు రాలేదు. బాలమణి మళ్ళీ తిరిగింది. ఊరి పెద్దమనిషి ఎంకయ్య ముందుకు వచ్చాడు. కబురు పంపినవాడు ఆయనే. "ఏ పిల్లా, ముందల్కి నడువు. గా ఇంట్ల నీళ్ళు పోసేటోళ్ళు లేరు."

ఆమె కదలలేదు. కదలకూడదు, మాట్లాడకూడదు. ఉన్నచోటే అడుగు వేస్తూ ఉన్నది. ఎండ నెత్తి మీదికి వస్తున్నది. కాళ్ళ కింద తడి ఆరిపోయి మట్టి కాలుతున్నట్టుంది, ఎత్తిన పాదం దించడం ఆలస్యమవుతున్నది.

ఎంకయ్య మల్లేశం మీద పడ్డాడు. "మీ అమ్మయితే గిట్ల ఆగేదారా? నువ్వన్న చెప్పద్దా?"

"నేను మా అమ్మ కాళ్ళు చూసుకుంటనే వాయించిన అయ్యా. ఇండ్లు ఎన్నడు చూడలె" అన్నాడు మల్లేశం, మద్దెల ఆపకుండా. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

పక్కింటామె చెంబు తీసుకొని ఉరికివచ్చింది. పోశమ్మ అడ్డం పడింది. "ఆ గడప నీళ్ళే పడాలె. నీ నీళ్ళు పనికిరావు." అడ్డమైతే పడింది గాని, తరువాత ఏం చేయాలో ఆమెకూ తోచినట్టు లేదు. బాలమణి పాదాలు చూసింది, తలుపు చూసింది. కట్టెతో తలుపు మీద కొట్టింది.

"రంగీ! ఇంట్లున్నవా? పిల్ల కాళ్ళు కాల్తున్నయి. ఇన్ని నీళ్ళు తే."

లోపలి నుంచి, "నేనెట్ల పోస్తనత్తా?"

"చెంబుతోని పొయ్యి."

తరువాత చిన్నగా వినబడింది. "రేపు ఊరికేమన్నయితే నన్నే అంటరు."

అంటారు మరి. అందరికీ తెలుసు.

"పోశవ్వ పొయ్యమన్నదని చెప్పు" అన్నది పోశమ్మ. "నన్ను అననీ. నేనెన్ని దినాలుంట? వాళ్ళు అనుడు మొదలువెట్టేటాళ్ళకు నేను పోయే ఉంట."

తలుపు తెరుచుకుంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో రంగమ్మకు. చేతిలో చెంబు కాదు, తాగేనీళ్ళ ముంత. తోమి పసుపు పూసిన చెంబు ఆమె ఇంట్లో ఎందుకుంటుంది? ముంత రెండు చేతులతో పట్టుకొని, గడప దాటి, వంగి, ముంతెడు నీళ్ళూ బాలమణి పాదాల మీద పోసింది. నా చేతిలో ఏమీ లేదు. ఉంటే నేనేం చేసేదాన్నో చెప్పలేను. నేసినదాని బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆ సమయంలో కూడా నా కళ్ళు పారుతున్న నీళ్ళలో ఎరుపు కోసం వెతికాయి. దిగలేదు.

బాలమణి సంచిలో చెయ్యి పెట్టి, అందరికీ పెట్టినట్టే, రంగమ్మ నొసట బండారి పెట్టింది. పెట్టి నడిచింది.

తరువాతి గడప ఎంకయ్యదే. ఆయన కోడలు చెంబు పట్టుకొని నిలబడి ఉన్నది. మామ ముఖం చూసింది. బాలమణి పాదాలు చూసింది. పోసింది.

గుడి ముందర

వేషం గుడి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సత్తెమ్మ గుడి అరుగు మీద మోకాలికి గుడ్డ చుట్టుకొని కూచొని ఉన్నది. సంగతి ఎవరో ముందే ఉరికివచ్చి చెప్పారు. ముఖం పాలిపోయి ఉన్నది. "నేను నీకు చెప్పలేదానే..." అని కోడలి మీద గొంతు లేపి, సగంలో ఆగింది. "చెప్పలె. గదొక్కటి చెప్పలె" అన్నది తనలో తనే.

ఎంకయ్య, ఇంకో నలుగురు మగవాళ్ళు పందిరి కింద కూచున్నారు. ఎంకయ్య చెడ్డమనిషి కాదు, అది చెప్పాలి. ఆయన ముఖంలో కోపం కంటే భయం ఎక్కువ ఉన్నది. "ఆట మంచిగున్నది, నేను కాదంటలేను. అయితే కట్టుబాటు తప్పింది. తప్పిన వేషానికి ఊరెట్లిస్తం? ఆ మేళమోళ్ళు రమ్మంటే రేపే వస్తమంటున్నరు" అన్నాడు.

బాలమణి గుడి గోడకు చేరగిలబడింది. ఇప్పుడు మాట్లాడవచ్చు గాని, ఆమె పాదాలకు అంటిన మట్టి దులుపుకుంటున్నది. మల్లేశం మద్దెల తాళ్ళు విప్పుతూ బిగిస్తూ ఉన్నాడు. ఎర్రగట్టు పోతే ఏడాదిలో సగం గింజ పోయినట్టే. ఆమె కట్టిన మొదటి వేషం మీదనే పోయినట్టు.

పోశమ్మ కట్టె పొడుచుకుంటూ పందిరి కిందికి పోయింది. ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు.

"ఎంకా, వేషం తప్పింది అంటున్నవు. అయితే రంగి ఇంటి తర్వాత మేము పోసిన నీళ్ళు ఎవలకు పోసినం? ఎల్లమ్మకా, తప్పిన పిల్లకా?"

ఎంకయ్య గుడి దిక్కు చూశాడు.

"తప్పిన పిల్లకయితే పండుగ కానట్టే. ఇంకో మంచిదినం చూసుకొని మళ్ళ చేద్దాం. మళ్ళ యాటపోతును తెచ్చి కొయ్యాలె. మళ్ళ చుట్టాలను పిలువాలె. తెస్తవా?"

"గట్లెట్లయితది అత్తా?"

"అయితే ఎల్లమ్మకే పోసినమను. ఏదో ఒకటి చెప్పు, నాకు నడుం నొస్తున్నది. నీళ్ళు పోసేది మేము. ఎక్కడ ఆగుతదో అది ఆమె ఇష్టం. మధ్యల నీకేంది?"

ఎంకయ్య మిగిలిన నలుగురినీ చూశాడు. వాళ్ళు నేల చూశారు. ఆయన వెనక నుంచి ఆయన భార్య, "నేను ఇంకోపారి గంతమందికి వండ" అన్నది. అప్పుడు ఆడవాళ్ళు నవ్వారు. ఎంకయ్య రుమాలు తీసి ముఖం తుడుచుకొని లేచాడు.

"సత్తెమ్మా, వచ్చే ఏడు గూడ గీ పిల్లనే తేవాలె. కొత్తోళ్ళు మాకొద్దు" అని, గింజల గంప తెప్పించమని ఎవరికో చెప్పి వెళ్ళిపోయాడు.

పోశమ్మ మొదట బాలమణి ఒడిలో జొన్నలు పోసింది. తరువాత ఆడవాళ్ళంతా. ఒడి బరువుకు పిల్ల లేవలేకపోతే ఇద్దరు పట్టుకొని లేపారు. అప్పుడు నవ్వింది, రామన్నపేట నుంచి నవ్వనిది. రంగమ్మ వస్తుందేమోనని నేను చూశాను. గుడికి రాలేదు.

తిరుగు దారి

మరునాడు పొద్దున బండి ఆ మూడో వీధి మీదుగానే పోయింది. రంగమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్నది. ముఖం కడుక్కున్నట్టుంది గాని నొసట మీద పసుపు చాయ ఇంకా ఉన్నది. బండి ఆపించి నాకు దోసెడు పల్లికాయ ఇచ్చింది. "చీర నువ్వు నేసినవట కద. గంజి ఎక్కువైందట" అన్నది. ఊరంతా తెలిసిపోయిందన్నమాట. "వచ్చే ఏడు తక్కువ పెడుత" అన్నాను. "పెట్టు. మంచిగుంటది" అన్నది, ఎప్పటినుంచో నాతో బేరం చేస్తున్నదాని లాగ.

ఊరు దాటాక సత్తెమ్మ గింజల మూటకు ఆనుకొని, మోకాలు రాసుకుంటూ, వెనకకు పోతున్న ఊరినే చూస్తూ కూచుంది. కోపం వచ్చిందేమోనని బాలమణి అత్త ముఖం రెండుమూడు సార్లు చూసింది. నాకూ అదే అనుమానం. అన్నేళ్ళు తాను నడిచిన దారిని నిన్న వచ్చిన పిల్ల మార్చింది మరి.

గుట్ట మలుపు తిరిగి ఊరు కనబడకుండా పోయిన తరువాత సత్తెమ్మ కోడలి దిక్కు తిరిగింది.

"వచ్చే ఏడు రంగమ్మ గడపకాడ గన్ని తిరుగుళ్ళు తిరగకు. రెండు చాలు. గట్ల ఒక్కొక్క ఇంటికాడ ఆగితే గుడికి పొద్దుగూకినంక చేరుతవు."

"సరే అత్తా" అన్నది బాలమణి.